పొట్ట చర్మం కింద మందు పంపు: కొనే ముందు దారి లెక్కా చూడాలి

బిగిసిన కాళ్లకు విడుపు నిజమే. కాని నడక రాదు, నాగా పనికిరాదు

ఉదయగిరి, ఆత్మకూరు: తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన మనిషి, బొంబాయి రోడ్డు మీద మోటారుసైకిలు ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న కుర్రవాడు, పుట్టిన వెంటనే ఏడవక మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డ ఉన్న ఇళ్లు మన మెట్ట పల్లెలకు కొత్త కాదు. వీరిలో పలువురికి కాళ్లు చచ్చుబడి మెత్తగా ఉండవు. కొయ్యల్లా బిగుసుకుపోతాయి. రాత్రిపూట ఉన్నట్టుండి ఎగిరిపడతాయి. తొడలు ఒకదానికొకటి అతుక్కుపోయి, గుడ్డలు మార్చడానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తుంది.

మాత్రలు మింగినా ఈ బిగుతు లొంగనివారికి పెద్ద ఆసుపత్రుల్లో చెప్పే చికిత్స ఒకటున్నది. పొట్ట చర్మం కింద ఒక చిన్న పంపు అమర్చి, సన్నని గొట్టం ద్వారా మందును నేరుగా వెన్నులోకి పంపడమే ఆ చికిత్స. పట్నం వెళ్లినవారు ఈ మాట వినివచ్చి ఇంట్లో చెప్పగానే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "ఆ డబ్బా పెట్టిస్తే మా వాడు నడుస్తాడా?"

నడవడు. ఈ పంపు తెగిన వెన్నుపామును అతికించదు, పోయిన బలాన్ని తిరిగి ఇవ్వదు. బిగుతును మాత్రం తగ్గిస్తుంది. ఆ ఒక్క మేలుకే ఎంత విలువ కట్టవచ్చు, దానికోసం ఎంత భారం ఎత్తుకోవలసి వస్తుంది అన్నది పొలం అమ్మకానికి పెట్టే ముందే ప్రతి కుటుంబమూ తేల్చుకోవలసిన విషయం.

బిగుతు ఎందుకు వస్తుంది?

మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞలు వెన్నుపాము గుండా వెళతాయి. కండరాలను అదుపులో ఉంచే సంకేతాలు కూడా ఆ దారినే దిగుతాయి. దారి మధ్యలో దెబ్బతింటే అదుపు పోతుంది. అప్పుడు చిన్న తాకిడికే కండరం పట్టేస్తుంది.

మన ప్రాంతంలో దీనికి ఇంకొక కారణాన్ని కూడా మరువరాదు. అది ఫ్లోరైడు నీళ్లు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న దర్శి, పొదిలి ప్రాంతపు పల్లెల్లోనే ఈ ఎముకల జబ్బును వైద్యులు గుర్తించి, ఇండియన్ మెడికల్ గెజిట్ పత్రికలో వివరంగా రాశారు. ఉదయగిరి వైపు పల్లెలకూ ఈ బెడద తెలిసినదే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారిలో కొందరికి వెన్నుపూసలు ముదిరి, నడిమి దారి ఇరుకై, వెన్నుపాము నొక్కుకుపోతుంది. వారికీ కాళ్లు బిగుసుకుపోతాయి. అయితే ఇలాంటివారికి ముందు చూడవలసింది నొక్కుడును తీసే ఆపరేషను అవసరమా అన్నది. పంపు బిగుతును అణుస్తుంది గాని దాని మూలాన్ని తీసివేయదు. కనుక కాళ్లు ఎందుకు బిగుస్తున్నాయో తేలకుండా పంపు మాట ఎత్తడం తగదు.

డ్రిప్పు పద్ధతి వంటిదే

బిగుతుకు వాడే ముఖ్యమైన మందు పేరు బాక్లోఫెన్. దీన్ని 1962లో స్విట్జర్లాండుకు చెందిన సీబా కంపెనీలో మూర్ఛవ్యాధి కోసం తయారు చేశారు. మూర్ఛకు అంతగా పనికిరాలేదు గాని కండరాల బిగుతుకు పనికివచ్చింది. ఇది మాత్రల రూపంలో దొరుకుతుంది.

మాత్రతో చిక్కేమంటే, మింగిన మందు ఒళ్లంతా పారుతుంది. వెన్నుపాముకు చేరేది కొద్దిగానే. మోతాదు పెంచితే బిగుతు తగ్గకముందే మగత, నీరసం, తల తిరుగుడు మొదలవుతాయి. నిమ్మతోట రైతుకు ఇది సులువుగా బోధపడుతుంది. మాత్ర కాలువ కట్టి తోటంతా పారించడం వంటిది. పంపు డ్రిప్పు గొట్టంతో చెట్టు మొదట్లోనే బొట్టుబొట్టుగా వదలడం వంటిది. నోటి ద్వారా రోజుకు 60 మిల్లీగ్రాములు మింగినా బిగుతు లొంగనివారికి, వెన్నులోకి రోజుకు అర మిల్లీగ్రాము పంపితే చాలవచ్చు. అంటే 120వ వంతు మందు.

పంపు టైటానియం లోహంతో చేసిన గుండ్రని బిళ్ల. వెడల్పు సుమారు 3 అంగుళాలు, మందం అంగుళం లోపు. లోపల 20 లేదా 40 మిల్లీలీటర్ల మందు పట్టే తిత్తి, చిన్న మోటారు, బ్యాటరీ ఉంటాయి. గొట్టం నడుము పక్కగా చర్మం కిందుగా వెళ్లి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో తేలుతుంది. బయటినుంచి ఒక యంత్రాన్ని చర్మం మీద ఆనించి వైద్యుడు మోతాదు పెంచవచ్చు, తగ్గించవచ్చు. రాత్రి ఎక్కువ, పగలు తక్కువ వచ్చేటట్లు కూడా అమర్చవచ్చు. బ్యాటరీ లేకుండా వాయువు ఒత్తిడితో నడిచే పంపులూ ఉన్నాయి. వాటిలో ధార ఒకేలా ఉంటుంది గనుక మోతాదు మార్చాలంటే పాత మందు తీసి, వేరే గాఢత ఉన్న మందు నింపాలి.

ఈ పద్ధతిలో బాక్లోఫెన్‌ను వెన్నులోకి ఎక్కించి ఫలితం చూసిన వివరాలను అమెరికాలోని షికాగో వైద్యులు 1984లో ప్రకటించారు. వెన్నుపాము దెబ్బల వల్ల వచ్చే బిగుతుకు 1992లోను, మెదడు దెబ్బల వల్ల వచ్చే బిగుతుకు 1996లోను అక్కడి ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కనుక ఇది నిన్న మొన్నటి ప్రయోగం కాదు. 4 ఏళ్లు దాటిన పిల్లలకు కూడా, పంపు పట్టేపాటి ఒళ్లుంటే, దీన్ని అమర్చుతున్నారు.

మేలు ఏమిటి?

పంపు సరిగా కుదిరినవారికి కలిగే మేలు చిన్నది కాదు. కాళ్లు ఎగిరిపడటం తగ్గి రాత్రిళ్లు కన్నంటుకుంటుంది. తొడలు విడతాయి గనుక స్నానం చేయించడం, గుడ్డ మార్చడం, మూత్రపు గొట్టం పెట్టడం ఒక మనిషితో అవుతుంది. చక్రాల కుర్చీలో జారకుండా కూర్చోగలుగుతారు. కీళ్లు వంకర తిరిగి శాశ్వతంగా బిగుసుకుపోవడం నెమ్మదిస్తుంది. మాత్రల మగత తగ్గి మనిషి నలుగురితో మాట్లాడే స్థితికి వస్తాడు.

సేవ చేసేవారి బాధ కూడా ఇందులో లెక్కించాలి. మంచం మీది మనిషికి మన ఇళ్లలో సేవ చేసేది ఎక్కువగా తల్లి, లేదా భార్య. రోజుకు పదిసార్లు బిగిసిన కాళ్లను విడదీసి ఆమె నడుము కూడా పోతుంది. పంపు వల్ల ఆమెకు దక్కే విశ్రాంతి ఏ రసీదులోను కనపడదు. అయినా అదీ లాభమే.

ముందు సూది పరీక్ష

ఈ చికిత్సలో ఒక మంచి ఏర్పాటు ఉన్నది. పంపు కొనకముందే ఫలితం చూసుకోవచ్చు. నడుము దగ్గర సన్నని సూదితో 50 మైక్రోగ్రాముల మందు వెన్నునీటిలోకి ఎక్కించి, 4 నుంచి 8 గంటలు కనిపెట్టి చూస్తారు. చాలకపోతే మరునాడు 75, ఆ మరునాడు 100 ఇస్తారు. 100కు కూడా కాళ్లు విడవకపోతే ఆ మనిషికి పంపు పెట్టరాదు. బోరు వేసే ముందు నీటి జాడ చూసుకోవడం మన రైతుకు అలవాటే. పైగా ఇక్కడ దొరికే జాడ బోరు జాడ కంటే నమ్మదగినది.

ఈ పరీక్ష రోజున చూడవలసిన మరో సంగతి ఉన్నది. కొందరికి కాళ్లలో బలం లేకపోయినా ఆ బిగుతే ఊతకర్రలాగా పనిచేస్తుంది. ఆ బిగుతు మీదనే మంచం దిగి, గోడ పట్టుకొని నాలుగు అడుగులు వేస్తారు. మందు పడి కాళ్లు మెత్తబడితే ఆ నాలుగు అడుగులూ పోవచ్చు. అలాంటివారిని సూది వేసిన తరువాత నిలబెట్టి, కుర్చీలోకి మార్చి చూడమని వైద్యుడిని అడగాలి. బిగుతంతా శత్రువు కాదు. ఎంత తీయాలో, ఎంత ఉంచాలో తేల్చుకోవడంలోనే నేర్పున్నది.

భారం ఏమిటి?

మొదటి భారం డబ్బు. పంపు, ఆపరేషను కలిసి లక్షల్లో ఉంటుంది. ప్రభుత్వ వైద్య సేవ కార్డు ఉన్నది గదా అని ధీమాతో బయల్దేరరాదు. ఆపరేషను ఖర్చు వేరు, పరికరం ధర వేరు, తరువాత నింపే మందు ధర వేరు. ఏది కార్డులో పడుతుంది, ఏది చేతి నుంచి పెట్టుకోవాలి అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర ద్వారా ముందే తెలుసుకొని, కాగితం మీద రాయించుకోవాలి.

రెండవది ఆపరేషనుకు సంబంధించిన బెడదలు. పంపు పెట్టిన చోట చీము పట్టవచ్చు. చీము పడితే పలుసార్లు పంపునే తీసివేయవలసి వస్తుంది. వెన్నునీరు కారి భరించలేని తలనొప్పి రావచ్చు. గొట్టం మడతపడవచ్చు, జారవచ్చు, తెగవచ్చు. మోటారు చెడిపోతే విప్పి బాగుచేసే మెకానిక్కు ఉండడు. అమెరికాలో ఒక రకం పంపు తయారీలో లోపాలు బయటపడగా, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప కొత్తవి తయారు చేయరాదని, సరఫరా చేయరాదని 2015లో అక్కడి కోర్టు ఉత్తర్వు ద్వారా కట్టడి చేశారు. అంతటి నియంత్రణ ఉన్నచోట కూడా యంత్రం యంత్రమే అని దీనివల్ల తెలుస్తున్నది.

మూడవది బ్యాటరీ. అది 5 నుంచి 7 ఏళ్లు వస్తుంది. తరువాత మళ్లీ కోసి, పాత పంపు తీసి కొత్తది పెట్టాలి. అంటే మొదటి లక్షలు ఆఖరి లక్షలు కావు.

నాల్గవది నిత్య జాగ్రత్త. ఎంఆర్ఐ స్కానింగు అవసరమైతే పంపు ఉన్నదని ముందే చెప్పాలి. ఆ అయస్కాంత శక్తికి మోటారు తాత్కాలికంగా ఆగవచ్చు. స్కానింగు అయిన తరువాత పంపు తిరిగి నడుస్తున్నదో లేదో పరీక్షించి తీరాలి. నొప్పులకు కాపడం పెట్టే డయాథర్మీ యంత్రాన్ని పంపు దగ్గర వాడరాదు.

నాగా పడితే ప్రాణానికే ముప్పు

ఇవన్నీ ఒక ఎత్తు, మందు నింపడం ఒక ఎత్తు. తిత్తిలో మందు అయిపోకముందే చర్మం పైనుంచి సూది గుచ్చి మళ్లీ నింపాలి. మోతాదును బట్టి నెలకో, మూడు నెలలకో, ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలకో ఒకసారి తప్పదు. ఇది ప్రతి డాక్టరూ చేయగల పని కాదు. ఆ మందు, ఆ సూది, ఆ యంత్రం, అందులో అనుభవం ఉన్న చోటికే వెళ్లాలి.

తేదీ తప్పి మందు హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుంది? ముందుగా ఒళ్లంతా దురద పుట్టవచ్చు. పాత బిగుతు అంతకు రెట్టింపై వస్తుంది. ఆపైన తీవ్రమైన జ్వరం, కలవరింతలు, మూర్ఛలు. కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే ఈ మందును ఉన్నట్టుండి ఆపరాదని అమెరికాలో మందు కాగితం మీదనే గీత గీసి హెచ్చరిక ముద్రించారు. మందు ఎక్కువైనా ప్రమాదమే. మగత ముదిరి ఊపిరి మందగిస్తుంది, స్పృహ తప్పుతుంది.

ఇక్కడే మన ప్రాంతపు దారి లెక్క వేసుకోవాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల చేరువలో ఉన్నది. ఆత్మకూరు వారికి అంతకంటే దగ్గరే. కాని పంపు పెట్టిన ఆసుపత్రి చెన్నైలోనో, వేలూరులోనో, హైదరాబాదులోనో అయితే నెల్లూరు సగం దారి కూడా కాదు.

మూడు నెలలకు ఒకసారి మందు నింపించాలనుకుందాం. ఏడాదికి 4 ప్రయాణాలు, 6 ఏళ్లకు 24. కదలలేని మనిషి వెంట ఇద్దరు వెళ్లాలి. పోను రాను రెండు రోజులనుకుంటే ఒక్కో ప్రయాణానికి 4 కూలిదినాలు, 6 ఏళ్లకు 96 కూలిదినాలు పోతాయి. దీనికి కారు అద్దె, మందు ధర, బస ఖర్చు కలపాలి. పొగాకు కొట్టే రోజుల్లో, నిమ్మకాయ కోతల్లో వచ్చే తేదీలను వాయిదా వేయడానికి వీలుండదు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధించి బస్సులు, రైళ్లు ఆపిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. మాత్రలు వాడేవారు మందుల షాపుకు వెళ్లి తెచ్చుకోగలిగారు. పంపు ఉన్న మనిషికి అలాంటి రోజున కావలసింది షాపు కాదు, ఆసుపత్రికి చేర్చే వాహనం. అందుకే పంపు విషయంలో "కొనగలమా?" అన్నదానికంటే "నాగా లేకుండా నింపగలమా?" అన్నదే పెద్ద ప్రశ్న.

క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ పంపు

ఇదే పంపుతో క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్‌ను కూడా వెన్నులోకి పంపుతారు. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్‌లో సుమారు 300వ వంతు చాలుతుంది. 202 మంది క్యాన్సర్ రోగుల మీద జరిపి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, పంపు కేటాయించినవారిలో నూటికి 85 మందికి, మామూలు మందుల చికిత్స పొందినవారిలో నూటికి 71 మందికి బాధ తగ్గినట్లు తేలింది. బాధ అంటే ఇక్కడ నొప్పి గాని, మందు వల్ల వచ్చే ఇబ్బంది గాని.

ఈ లెక్కను రెండు వైపులా చదవాలి. పంపు వల్ల మేలున్నది. పంపు లేకుండా మందులు సక్రమంగా ఇచ్చినా నూటికి 71 మందికి ఊరట కలిగింది. మన దగ్గర పలువురికి ఆ మామూలు మందే అందడం లేదు. మార్ఫిన్ మాత్ర చవకైనదే. ఆసుపత్రులకు దాని సరఫరాలో ఉన్న లైసెన్సుల చిక్కులను తగ్గించడానికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉన్నది. కనుక క్యాన్సర్ నొప్పితో ఉన్నవారు ముందుగా అడగవలసింది మార్ఫిన్ మాత్రలు సక్రమంగా వాడి చూశారా అని. నెలల ఆయుష్షు మాత్రమే మిగిలిన మనిషికి పెద్ద ఆపరేషను కంటే మాత్రలే మేలు కావచ్చు.

ఇంకో హెచ్చరిక. పంపులకు అనుమతి లేని నొప్పి మందులను కలిపి నింపితే పంపు చెడటం, మోతాదు తప్పడం వంటి ప్రమాదాలున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 నవంబరులో ప్రకటించింది. ఏ మందు నింపుతున్నారో పేరు రాయించుకోవడం రోగి హక్కు.

పంపుకు ముందు చేయదగినవి

బిగుతు ఉన్నట్టుండి పెరిగితే దానికి తరచు వేరే కారణం ఉంటుంది. మూత్రంలో చీము, మలబద్ధకం, మంచపు పుండు, లోపలికి పెరిగిన కాలిగోరు వంటివి మనిషికి నొప్పి తెలియకపోయినా బిగుతును రెచ్చగొడతాయి. పుండు మాన్పితే, మూత్రం శుభ్రపడితే సగం బిగుతు దానంతటదే తగ్గే సందర్భాలున్నాయి. ఇది స్థానికంగా అయ్యే పనే.

రెండవది, రోజూ ఉదయం సాయంత్రం కీళ్లను మెల్లగా చాచి వంచడం. మూడవది, బాక్లోఫెన్ లేదా అలాంటి మాత్రలను వైద్యుని సలహాతో తగిన మోతాదు వరకు పెంచి చూడటం. వీటిని కూడా హఠాత్తుగా ఆపరాదు. నాల్గవది, బిగుతు ఒకటి రెండు కండరాలకే ఉంటే అక్కడే వేసే బొటులినం ఇంజక్షను. ఇది కొన్ని నెలలు పనిచేస్తుంది.

మన జిల్లావారు రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు వెళ్లడం మామూలే. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన పునరావాస కేంద్రం 1966లో మొదలైంది. దాన్ని నెలకొల్పిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుము కింద భాగం చచ్చుబడిన మనిషి. చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. పంపులు రాకముందే ఆమె లేవలేని మనుషులకు మంచం దిగి బతకడం నేర్పించారు. కుర్చీ, ర్యాంపు, పుండ్లు పడని పరుపు, చేతిపని, వీటి విలువ ఏ పంపు వచ్చినా తగ్గదు.

సంతకం పెట్టే ముందు అడగవలసినవి

1. మా మనిషికి బిగుతు ఎందుకు వచ్చింది? ఆ కారణానికి వేరే చికిత్స ఉన్నదా?
2. సూది పరీక్ష చేశారా? ఎంత మోతాదుకు ఎన్ని గంటలు కాళ్లు విడిచాయి? నిలబడే శక్తి తగ్గిందా?
3. మందు ఎన్నాళ్లకు ఒకసారి నింపాలి? ప్రతిసారీ ఎంత అవుతుంది? నెల్లూరులో నింపగలవారు ఉన్నారా?
4. బ్యాటరీ అయిపోయాక రెండవ పంపు ఖర్చు ఎవరిది?
5. అర్ధరాత్రి జ్వరం, బిగుతు వస్తే ఏ నంబరుకు ఫోను చేయాలి? అందాకా ఇంట్లో వాడటానికి ఏ మాత్రలు ఇస్తారు?

పంపు పెట్టించుకున్నవారు దాని వివరాల కార్డును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. తరువాత నింపే తేదీని ఇంటి క్యాలెండరు మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టాలి. ఆ తేదీకి వారం ముందే వెళ్లేటట్లు చూసుకోవాలి. పంపు నుంచి కీచుమని శబ్దం వస్తే మందు అయిపోవస్తున్నదనో, యంత్రంలో లోపం ఉన్నదనో అర్థం. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు.

దగ్గరలో నింపే ఏర్పాటు ఉండి, నమ్మకమైన తోడుండి, సూది పరీక్షలో కాళ్లు చక్కగా విడిచినవారికి ఈ పంపు పెద్ద మేలే చేస్తుంది. అవి లేని ఇంటికి అది తీరని భారమవుతుంది. నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2014 నుంచి నడుస్తున్నది. జిల్లా కేంద్రంలోనే సూది పరీక్ష చేసి, మందు నింపే ఏర్పాటు చేయగలిగితే ఉదయగిరి మనిషికి సగం భారం దిగినట్లే. లేచి నడవలేని మనిషి దూరాన్ని తగ్గించడానికి అధికారులు, ప్రజాప్రతినిధులు ఆలోచన చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.